రెండు పొట్టి కూతలు

నూకరాజు తన ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో రైల్వే డాక్టర్లకి నిజం చెప్పి ఎరగడు. ఒక్క కళ్ళ విషయంలో మాత్రం అబద్ధమాడలేదు. కళ్ళ దగ్గర అబద్ధమాడితే సిగ్నల్ కనపడదు, వెనకాల పెట్టెల్లో పదిహేను వందల మంది ఉంటారు, అది పాపం. మిగతా ఒళ్ళంతా తన సొంతం. నడుం నొప్పా? సబ్ ఠీక్ సాబ్. గుండెల్లో మంటా? సబ్ ఠీక్ సాబ్. ఒంటేలు సాఫీగా వస్తోందా? ఫస్ట్ క్లాస్ సాబ్. బిలాస్‌పూర్ షెడ్డులో డ్రైవర్లందరిదీ ఇదే పాట. నిజం చెబితే డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తాడు, ఇంజన్ దింపేసి ఏ ఆఫీసులోనో బల్ల ముందు కూర్చోబెడతారు. అలా దిగిపోయిన డ్రైవర్ని కాలనీలో పెళ్ళికి పిలిచినా రెండో పంక్తిలోనే కూర్చోబెడతారు.

అసలు ఒంటేలు సంగతి డ్రైవరు దగ్గర ఎత్తడమే దండగ. ఇంజన్లో మరుగుదొడ్డి ఉండదు. ఎనిమిది గంటలు, పది గంటలు బిగబట్టుకుని బండి నడిపిన మనిషి తరవాత సన్నంగా వచ్చినా, ఆగి ఆగి వచ్చినా వృత్తిలో భాగమే అనుకుంటాడు. నూకరాజూ అలాగే అనుకున్నాడు. రిటైరై బిలాస్‌పూర్ శివార్లలో తిఫ్రాలో సొంతిల్లు కట్టుకున్నాక, అరవై నాలుగో ఏట ప్రోస్టేటు కాన్సరని తేలింది. రాయ్‌పూర్‌లో ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళకి రక్తపరీక్షలో అంకె మళ్ళీ పెరిగితే ముప్ఫై మూడు రోజులు రేడియేషన్ కరెంటు పెట్టారు. అంకె దిగింది. కాన్సరు అణిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మరో ఏడాదిన్నరకి ఒకరోజు ఒంటేలుతో పాటు గాలి వచ్చింది. బుడబుడమని చప్పుడు. నూకరాజు అటూ ఇటూ చూసి తలుపు గడియ ఇంకాస్త గట్టిగా బిగించాడు. నెల తిరిగేసరికి ఒంటేలు మడ్డిగా, కంపుగా మారింది. ఆ తరవాత ముందునుంచి రావలసింది వెనకనుంచి రావడం మొదలెట్టింది. ఇది మంచి లక్షణం కాదని అతనికి తెలీకపోలేదు. తెలుసు కాబట్టే ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలకోసారి రాయ్‌పూర్ ఆస్పత్రిలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ రజిని అడుగుతూనే ఉంది. హనుమకొండ పిల్ల, కూతురి వయసు, నవ్వుతూ మాట్లాడుతుంది.

"ఏమన్నా ఇబ్బంది ఉందా అంకుల్?"

"ఏటీ లేదమ్మా. సబ్ ఠీక్."

రిటైరైన మనిషిని ఎవడూ అన్‌ఫిట్ చెయ్యలేడు. ఏ ఇంజన్నుంచీ దింపెయ్యలేడు. అయినా తెల్లకోటు కనపడగానే ఆ మాట నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. అంతటి అలవాటు.

దొంగతనం పట్టుకున్నది అతని భార్య చిన్నతల్లి. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో బకెట్టు ముట్టుకోని మనిషి తన లుంగీలు తనే ఉతుక్కుని ఆరేసుకుంటున్నాడు. ఏదో ఉందని ఆవిడ నిలదియ్యబోతున్న వారంలోనే, డిసెంబరు చలిలో, నూకరాజు వీధి గుమ్మం దగ్గర గజగజా వణుకుతూ కూలబడ్డాడు. కొడుకు ప్రవీణ్ సిర్గిట్టి వర్క్‌షాపునుంచి పరిగెత్తుకొచ్చి, తండ్రిని వ్యానులో వేసుకుని రాయ్‌పూర్ తీసుకెళ్ళాడు. ఒంటేలులోని విషం నెత్తురుకెక్కిందన్నారు. ఐదు రోజులు ఒంటిమీద తెలివి లేదు.

ఆరో రోజు కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన రజిని నిలబడి ఉంది. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"ఎన్ని రోజులనుంచి అంకుల్?"

నూకరాజు భార్య వైపు చూశాడు.

"సెప్పు," అంది చిన్నతల్లి.

"నాలుగు నెలలు."

"నేను అడిగిన్నాడు ఏం చెప్పిన్రు మరి?" అంది రజిని. తరవాత కుర్చీ లాక్కుని కూర్చుని, కోపం మింగి, కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ముందు గొట్టానికీ వెనక గొట్టానికీ మధ్యనున్న గోడకి కన్నం పడింది. కరెంటు తిన్న చోట కండ బలహీనంగా ఉంటుంది, ఒక్కోసారి ఇలా అవుతుంది. ఇప్పుడే కుట్టేస్తే కుట్లు నిలవవు. ముందు పొట్ట మీదకి పేగు తీసి సంచి పెట్టాలి, మలం అటు వెళ్ళిపోవాలి. ఒంటేలుకి గొట్టం వేసి తొడకి ఇంకో సంచి కట్టాలి. ఆ చోటుకి ఆరు నెలలు విశ్రాంతి. తరవాత తొడలోంచి కండ తెచ్చి రెండు గొట్టాల మధ్యా అడ్డం పెట్టి మూసే ప్రయత్నం చేస్తారు.

"మూసుకుంటాదా?" అని అడిగాడు నూకరాజు.

"సగం సగం అంకుల్. అబద్ధం చెప్పను. కరెంటు పెట్టని వాళ్ళకైతే ఇంకా నమ్మకంగా చెప్పేదాన్ని. మూసుకోకపోతే సంచి ఎప్పటికీ ఉంటది."

"సంచీ వొద్దు," అన్నాడు అతను. "సస్తే సచ్చిపోతాను. పొట్ట మీద పీతి మోసుకుని తిరగడం నా వల్ల కాదు."

చిన్నతల్లి రజిని వైపు చూసి, "నువ్వు నీ పనికెల్లమ్మా, కాగితాల మీద సంతకం నాను సేయిస్తాను," అంది. డాక్టరమ్మ వెళ్ళాక మొగుడి వైపు తిరిగింది. "బండ్లు తిరుగుతుండగా ఏ గ్యాంగోడైనా పట్టా మారుస్తాడేటి? లైను మూసి, బండ్లని పక్క లైనుకి తిప్పితేనే గదా పని జరుగుతాది. నీ కళ్ళెదురుగా నలబై ఏళ్ళు సూసినావు. నీ దాకా వొచ్చేసరికి తెలివి తెల్లారిపోయిందా?"

నూకరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రానికి సంతకం పెట్టాడు.

మొదటి నెల నరకమే. చొక్కా ఎత్తితే పొట్ట మీద ఎర్రగా, తడిగా, కోడిపుంజు జుట్టులా ఒక ముక్క. అది తన పేగు. దాన్ని చూడలేక కళ్ళు మూసుకునేవాడు, సంచి మార్చేది చిన్నతల్లి. దానికి నొప్పి తెలీదు, అదుపు తెలీదు, మర్యాద అంతకన్నా తెలీదు. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి వదిలేది, చప్పుడుతో సహా. ఎవరైనా వస్తే నూకరాజు గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. సిగ్గుతో మనిషి సగమైపోయాడు. రెండో నెలలో ఒకనాడు చిన్నతల్లి జ్వరంతో పడుకుంటే గతిలేక తనే అద్దం ముందు నిలబడి సంచి మార్చుకున్నాడు. ఎలాగో పని అయింది. ఇంజన్లో ఎన్ని గొట్టాలు విప్పి బిగించాడో, ఇదొక లెక్కా అనిపించింది. ఆ రోజునుంచి తలుపు వేసుకోవడం మానేశాడు.

మార్చి వచ్చింది. కొత్తమావాస్యకి నూకాలమ్మ పండగ.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నూకాలమ్మ గుడి చిన్నదే గానీ పండగ తీరు వేరు. తెల్లదొరల కంపెనీ రైలు నడిపిన రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన కుటుంబాలు పెట్టుకున్న ఆచారం అది. అమ్మోరు ఊరేగేది పల్లకీలో కాదు, పట్టాల తనిఖీకి తోసుకెళ్ళే పాత పుష్‌ట్రాలీకి రబ్బరు చక్రాలు బిగించి, దాని మీద. ట్రాలీకి కట్టిన తాడు చివర పట్టుకుని ముందు నడిచేది రిటైరైన డ్రైవర్లలో పెద్దవాడు. వెనకాల పచ్చజెండాతో నడిచేది రిటైరైన గార్డుల్లో పెద్దవాడు. మధ్యలో లాగేది కుర్రకారు. బయల్దేరే ముందు డ్రైవరు నోటితో రెండు పొట్టి కూతలు కూస్తాడు. రైలు భాషలో దానర్థం, గార్డుగారూ, మీ జెండా ఏదీ, అని. గార్డు పచ్చజెండా ఊపుతాడు. అప్పుడే అమ్మోరు కదులుతుంది. జెండా ఊపకపోతే కదలదు. వందేళ్ళుగా జెండా లేకుండా అమ్మోరి బండి కదిలింది లేదు.

తాడు ఆరేళ్ళుగా నూకరాజుది. జెండా నాలుగేళ్ళుగా చిన్నారావుది. చిన్నారావు రిటైరైన ఏడాదికి గార్డు అనే పేరు తీసేసి 'ట్రైన్ మేనేజర్' అని మార్చారు. ఆ హోదా తనకి దక్కలేదన్న కడుపుమంట ఇంకా చల్లారలేదు, అందుకే గుడి కమిటీకి ప్రెసిడెంటయ్యాడు.

పండగ నాలుగు రోజులుందనగా అతను తిఫ్రా వచ్చాడు. టీ తాగాడు. ఎండల గురించి మాట్లాడాడు. లేచి బాత్‌రూముకి వెళ్ళొచ్చాడు. మళ్ళీ ఎండల గురించే మాట్లాడి మళ్ళీ వెళ్ళొచ్చాడు.

"ఏటి సంగతి సెప్పు తమ్ముడా," అన్నాడు నూకరాజు.

"అన్నా, నువ్వు ఏటీ అనుకోవద్దు. కమిటీలో అందరూ అనుకుంటన్నారు. ఈ ఏడు తాడు నీ తరవాత పెద్దోడు రాంప్రసాద్‌కి ఇద్దారని. నీ ఒంట్లో బాగోలేదు గదా. పైగా అమ్మోరి ముందర ఆ... సంచీ... మైల గదన్నా."

నూకరాజుకి చెంప మీద కొట్టినట్టయింది. జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"ఏటీ మైల?" చిన్నతల్లి గరిటె చేత్తోనే బయటికొచ్చింది. "మేకపోతు పేగులు ముందరేసుకుని కూకునే తల్లి గదా ఆవిడ. ఆ తల్లికి మా ఇంటాయన పేగొక్కటే మైలయిపోనాదా? నీ కడుపులో ఏటుంది తమ్ముడా, పన్నీరుందా? అదే ఉంది. నీది లోపలుంది, ఈయనది బయటుంది."

"వొదినా, నానేటి నా నోటితో..."

"నీ నోటితోనే అన్నావు."

చిన్నారావు లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మొండిగా అన్నాడు: "అచ్ఛా, రా అన్నా. వొచ్చి తాడు పట్టుకో. నాను జెండా ఊపను. బస్."

అతను వెళ్ళాక నూకరాజు చాలాసేపు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజన్ దింపెయ్యడమంటే ఏమిటో ముప్ఫై ఎనిమిదేళ్ళు భయపడ్డాడు గానీ అనుభవించలేదు. ఇదిగో, ఇప్పుడు దింపుతున్నారు. సర్వీసులో దింపితే ఆఫీసు బల్లన్నా ఉండేది. అమ్మోరి ముందునుంచి దింపితే ఇక మిగిలేది ఈ గది, ఈ తలుపు. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే ఒళ్ళు మండింది.

"ఎల్తాను," అన్నాడు.

"నువ్వు ఎల్లకపోతే తాడు నాను పట్టుకుందును," అంది చిన్నతల్లి. "ఎల్లేదాకా శనగపప్పు ముట్టుకోకు. గాలి సేస్తాది."

ముందురోజు ఆవిడ ప్రసాదానికి శనగపప్పు పూర్ణంతో బూరెలు వండింది. నాలుగు లెక్క తక్కువయ్యాయి. ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

అమావాస్య పొద్దున ఎనిమిదికే ఎండ చుర్రుమంటోంది. నూకరాజు కొత్త సంచి అతికించుకుని, పైన వెడల్పాటి బెల్టు కట్టుకుని, పంచె కట్టి, కండువా వేసుకుని వచ్చాడు. బరువులెత్తొద్దని రజిని చెప్పింది, నడవొద్దని చెప్పలేదు. గుడి ముందు ట్రాలీ మీద అమ్మోరు పసుపు మొహంతో, వేపమండల మధ్య కూర్చుంది. నాలుగు వందల మంది జనం. అతను నడుస్తుంటే దారి విడిపోయింది. భక్తితో కొందరు జరిగారు, వాసనొస్తుందేమోనని కొందరు జరిగారు. ఎవరెందుకు జరిగారో అతనికి తెలుస్తూనే ఉంది. వెళ్ళి తాడు చివర పట్టుకున్నాడు.

డప్పులు ఆగాయి. జెండా ఊపనన్న మాట అప్పటికే కాలనీ అంతా పాకింది, కూత పడకముందే అందరూ వెనక్కి తిరిగి చూశారు. చిన్నారావు జెండా చంకలో పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. గుసగుసలు మొదలయ్యాయి. "తాడు ఇచ్చెయ్యి బావా, ఎందుకొచ్చిన గొడవ," అని పక్కనుంచి ఎవరో సణిగారు.

నూకరాజు జనం వైపు తిరిగాడు.

"మీకందరికీ తెలిసిందే, అయినా నా నోటితో సెప్తాను," అన్నాడు. "నాకు కాన్సరొచ్చినాది. కోసినారు, కరెంటు పెట్టినారు. లోపల కన్నం పడినాది. నా పేగు ఇప్పుడు ఇక్కడుంది." చేత్తో పొట్ట చూపించాడు. "ఒంటేలు సంచీ ఇక్కడుంది." తొడ చూపించాడు. "ఇందుకు నాకు సిగ్గు లేదు. నాకు సిగ్గు దేనికంటే, ఆ డాక్టరమ్మ అడిగిన ప్రతిసారీ సబ్ ఠీక్ అని సెప్పినందుకు. నాలుగు నెలలు సెప్పినాను. సచ్చి బతికినాను. మీరూ సెప్తన్నారు ఆ మాట. మనమందరం ఆ మాట మీదే సర్వీసు సేసినాం."

నూకరాజు తాడుని మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

"జూన్‌లో మళ్ళీ కోస్తారు. మూసుకుంటే మూసుకుంటాది, లేదంటే సచ్చేదాకా ఇదిలాగే ఉంటాది. ఉన్నా నాను డ్రైవర్నే. జెండా లేకుండా బండి తీసినోణ్ణి కాదు, ఈ పొద్దూ తియ్యను. కానీ తాడూ వొదల్ను. సాయంత్రం దాకా నిలబడమంటే నిలబడతాను. అమ్మోరికి ఎండ తగిలితే ఆ లెక్క గార్డుది."

అని, ఆచారం ప్రకారం కూత కూద్దామని నోరు తెరిచాడు. అంత మాట్లాడిన నాలుక పిడచకట్టుకుపోయింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ నిశ్శబ్దంలో పొట్ట మీది సంచి కూసింది. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి. రెండూ పొట్టివే. ఆఖరి వరసలో ఉన్నవాళ్ళకి కూడా స్పష్టంగా వినపడ్డాయి.

అక్కడున్న వాళ్ళలో రైలు కూత అర్థం కానివాడు లేడు. ముసలి ఫిట్టరొకడు ముందు నవ్వాడు. తరవాత ఆడవాళ్ళు, తరవాత డప్పులవాళ్ళు, తరవాత అందరూ. మొదట నూకరాజు మొహం కందిపోయింది. గుంపులో చిన్నతల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోవడం చూశాడు. ఇక అతనికీ ఆగలేదు.

"కూత అయిపోనాది చిన్నారావూ," అని కేక పెట్టాడు. "జెండా ఏదీ?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకన్నా ముందే చిన్నారావు చెయ్యి లేచింది. ముప్ఫై అయిదేళ్ళు రెండు పొట్టి కూతలు విని జెండా ఎత్తిన చెయ్యది, ప్రెసిడెంటుని అడిగి లేవదు. పచ్చగుడ్డ గాల్లో ఆడాక గానీ అతను తనేం చేశాడో చూసుకోలేదు. డప్పులు అందుకున్నాయి. నూకరాజు అడుగేశాడు, అమ్మోరి బండి కదిలింది.

షెడ్డు గేటు మీదుగా బుధ్‌వారీ బజార్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. నూకరాజు తల ఎత్తుకుని నడిచాడు. కాళ్ళు నొప్పెట్టాయి, తొడ మీద సంచి బరువెక్కింది, అయినా ఇన్నేళ్ళలో ఇంత బాగా నడిచినట్టు గుర్తులేదు. అయితే డ్రైవరు కళ్ళు కదా, మలుపు వచ్చినప్పుడల్లా వెనక్కి చూడటం అలవాటు. మొదటి మలుపులో గార్డు చోటు ఖాళీగా ఉంది. చిన్నారావు ఒక లారీ వెనకనుంచి వస్తున్నాడు. రెండో మలుపులో ఒక గోడ వెనకనుంచి. బజారు దగ్గర బండి ఆగేసరికి ఇంకో గోడ. అక్కణ్ణుంచి వచ్చినప్పుడు మొహం పాలిపోయి ఉంది. నాలుగు రోజుల కిందట తన ఇంట్లో అతను అరగంటలో రెండుసార్లు బాత్‌రూముకి లేవడం నూకరాజుకి గుర్తొచ్చింది.

బజారులో కొబ్బరికాయలు అయ్యాయి. తిరుగు ప్రయాణానికి బండి తిప్పారు. చిన్నారావు పచ్చజెండా ఊపాడు.

నూకరాజు కదల్లేదు.

మళ్ళీ ఊపాడు. నూకరాజు తాడు పట్టుకునే నిలబడి, "ఇలగ రా," అని పిలిచాడు. జనం విస్తుపోయి చూస్తున్నారు. చిన్నారావు విసుగ్గా ముందుకొచ్చాడు.

"ఇంకేటన్నా? ఊపినాను గదా."

"రాత్రికి ఎన్నిసార్లు లేస్తన్నావు?" నూకరాజు గొంతు తగ్గించి అడిగాడు.

"నాకేటయింది? సబ్ ఠీక్."

"ఆ మాట నా దగ్గర కాదు. ఎన్నిసార్లు?"

"అందరూ సూస్తన్నారన్నా. బండి తియ్యి."

"సూడనీ. నువ్వు సెప్పేదాకా తియ్యను. నువ్వు జెండా ఆపగలవు, నాను తాడు ఆపగలను."

డప్పులవాళ్ళు అరుస్తున్నారు. వెనక ఒక ఆటో హారన్ మోగిస్తోంది. చిన్నారావు జెండా కర్రని అటూ ఇటూ తిప్పాడు.

"అయిదు," అన్నాడు చివరికి. "ఒకో రోజు ఆరు."

"నెత్తురు?"

చిన్నారావు జెండాని కర్రకి చుట్టేశాడు. "రెండు నెలల్నుంచి."

"మీ ఆవిడకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"మంగళారం పొద్దున్న పాసింజరుకి నాను రాయ్‌పూర్ ఎల్తన్నాను. టేషన్లో ఉండు. లేదంటే తిన్నగా మీ ఇంటికొచ్చి నానే మీ ఆవిడకి సెప్తాను."

చిన్నారావు కమిటీ ప్రెసిడెంటులా కనిపించడం మానేశాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, భయపడ్డ మనిషి. నూకరాజు పొట్ట వైపు, బెల్టు కింద ఉబ్బెత్తుగా ఉన్న చోటు వైపు చూశాడు.

"నాకూ పెడతారేటన్నా?"

"ఏమో, నాకు తెల్దు. నీది వేరే అయ్యుండొచ్చు. పెడితే పెట్టించుకుంటావు," అన్నాడు నూకరాజు. "పెట్టినా జెండా నీదే. ఎవడొచ్చి అడుగుతాడో నానూ సూస్తాను."

చిన్నారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. వెనక్కి నడిచి, తన చోట నిలబడి, జెండా విప్పి పట్టుకున్నాడు.

నూకరాజు గొంతు సవరించుకుని, ఈసారి నోటితోనే కూశాడు.